ఏ పువ్వుదని అడిగి కొన్న తేనె

మా వంటింటి అలమరలో ఇప్పుడు నాలుగు సీసాల తేనె ఉంది. మొదటిది లేత పసుపు వన్నెలో నెయ్యిలా పేరుకుపోయింది. రెండవది ముదురు బంగారు రంగులో తేటగా జారుతోంది. మూడవది పాతబెల్లం పాకం అంత నల్లగా ఉంది. వేలెడంత సీసాలో ఉన్న నాలుగవది పలుచగా ఉండి, మూత తీయగానే పుల్లని వాసన వేస్తుంది. నాలుగూ అసలైన తేనెలేనని నా నమ్మకం. అయినా ఇంటికి వచ్చినవారు తేనె అంటే ఒకే రంగులో ఉండాలి కదా అని ఆశ్చర్యపోతున్నారు, పేరుకున్న సీసాను చూసి "పంచదార కలిపి అమ్మారమ్మా మీకు" అని జాలిపడుతున్నారు. ఏలూరు చుట్టుపక్కల మంచి తేనె కోసం వెతికేవారికి ఉపయోగపడుతుందని, వీటిని ఎక్కడ, ఎవరి దగ్గర, ఏమేమి అడిగి కొన్నానో, వాటిలో ఏది మళ్ళీ కొంటానో వివరంగా రాస్తున్నాను.

మేమూ చాలాకాలం దుకాణంలో దొరికే కంపెనీ తేనెనే వాడాము. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సంస్థ 13 బ్రాండ్ల తేనెను జర్మనీలోని ప్రయోగశాలలో కూడా పరీక్ష చేయించి, వాటిలో 3 మాత్రమే అన్ని పరీక్షలకూ నిలిచాయని ప్రకటించింది. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. నన్ను కలవరపెట్టింది మాత్రం బ్రాండ్ల పేర్లు కాదు. మామూలు పరీక్షలకు చిక్కకుండా ఉండేలా బియ్యం వంటి వాటి నుంచి పాకాలు తయారవుతున్నాయని అందులో చదివినప్పుడు, తేనె చుక్కను నీళ్ళలో వేసి, అగ్గిపుల్లను తేనెలో ముంచి వెలిగించి, కాగితం మీద బొట్టు పెట్టి మనం ఇళ్ళలో చేసుకునే పరీక్షలకు విలువ ఏపాటిదో అర్థమైంది. చిక్కటి పంచదార పాకం కూడా నీటి అడుగుకు దిగుతుంది, తేమ కాస్త ఎక్కువ ఉన్న అడవి తేనె గ్లాసులో త్వరగా కరిగిపోతుంది. చీమలు పట్టనిదే మంచి తేనె అనే మాటకూ ఆధారం లేదు.

కంపెనీ తేనె మానేశాక మొదట చేసిన పని ఇంకా పెద్ద పొరపాటు. రహదారి పక్కన ఇద్దరు మనుషులు బకెట్‌లో పెద్ద తేనెపట్టు పెట్టుకుని, ఈగలు ముసురుతుండగా, మా కళ్ళముందే పిండి సీసాలో పోశారు. కళ్ళతో చూసినదానిని ఎలా అనుమానిస్తాం? నాలుగు వందలు ఇచ్చి తెచ్చిన ఆ సీసా అడుగున రెండు వారాలకే పెద్ద పెద్ద పలుకులు తేలాయి, పైన మిగిలినది బెల్లపు వాసన కొట్టింది. పట్టు నిజమైనదే. బకెట్‌లో దాని కింద ముందే పోసి ఉంచిన పాకాన్ని మేము చూడలేదు. తేనె ఎలా ఉందని కాక, దాని వెనుక ఉన్న మనిషికి దాని పుట్టుక తెలుసా లేదా అని చూడాలన్న ఆలోచన నాకు ఆ సీసాతోనే మొదలయింది.

నల్లని తేనె గిరిజన సహకార సంస్థది, అంటే జి.సి.సి. వారిది. విశాఖపట్నంలోని వారి దుకాణంలో కొన్నాను. 1956లో ఏర్పడిన ఈ సంస్థ మన్యంలోని గిరిజనులు సేకరించిన చింతపండు, కుంకుడుకాయలు, తేనె వంటి అటవీ ఫలసాయాన్ని కొని, శుభ్రపరచి అమ్ముతుంది. వారు కొనే తేనెలో ముఖ్యమైనది పెరతేనె. కొండచరియలకూ, ఎత్తయిన చెట్ల కొమ్మలకూ ఒంటి పట్టుగా వేలాడే పెద్ద తేనెటీగలు పెట్టేది అదే. ఈ ఈగలను పెట్టెల్లో పెంచడం సాధ్యం కాదు కనుక, ఈ తేనె కావాలంటే ఎవరో ఒకరు ప్రాణాలకు తెగించి కొండకొమ్ము నుంచి తాడు మీద దిగవలసిందే. నల్లమల చెంచులు అలా దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదే అయి ఉండాలంటారు. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతున్నాయి కనుక అతడు ఏ పరిస్థితిలోనూ చేయి వదలడని అందులోని అర్థం. సీసా మీద ఉన్న ధర చూసి ఎక్కువేమో అనిపించిన క్షణంలో నాకు ఆ తాడు గుర్తుకు వచ్చింది, బేరం ఊసు మనసులోనే అణిగిపోయింది.

రుచి విషయానికి వస్తే, ఇది గాఢమైన తేనె. గొంతులో కాస్త ఘాటు మిగులుతుంది. ఉట్టి తేనెగా తినడానికి మా పిల్లలు ఇష్టపడలేదు కానీ, అల్లం రసంలోనూ, మిరియాల కషాయంలోనూ దీనికి సాటి లేదు. అడవి తేనెలో సహజంగానే తేమ ఎక్కువ కనుక, అలాగే సీసాలో పోస్తే పులిసిపోయే ప్రమాదం ఉంది. అందుకే దానిని వడకట్టి, వేడిచేసి, తేమ తగ్గించి అమ్మడాన్ని నేను తప్పుపట్టను. ఎన్నో కొండల తేనె ఒకచోట కలిసి శుద్ధి అవుతుంది కాబట్టి, ఇది ఏ అడవిది, ఏ పువ్వుది అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు ఆశించకూడదు. పెంపకందారు దాకా వెళ్ళే వీలు లేనివారికి మాత్రం నేను మొదట చెప్పే పేరు ఇదే.

మిగిలిన మూడు సీసాలూ ఒకే మనిషి దగ్గరివి. ఏలూరు నుంచి చింతలపూడి వైపు వెళ్ళే మెట్ట ప్రాంతంలో జీడిమామిడి, మామిడి తోటల మధ్య తేనెటీగలను పెంచే ఒక రైతు ఆయన. ఆయన చిరునామా నాకు ఏ ప్రకటనలోనూ దొరకలేదు. పెదవేగి మండలంలోని విజయరాయి వ్యవసాయ పరిశోధన స్థానంలో తేనెటీగల మీద చాలాకాలంగా పని జరుగుతున్నదని విని, ఆ ఊరికి వెళ్ళి, చుట్టుపక్కల పెట్టెలు పెట్టుకున్నవారు ఎవరున్నారని అడుగుతూ పోగా మూడవ ప్రయత్నంలో ఆయన దొరికారు. ఇతర జిల్లాలవారు తమ దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు. హైదరాబాదువారికి రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో ఉన్న గ్రామీణ సాంకేతిక పార్కు మంచి ఆరంభం, అక్కడ తేనెటీగల పెంపకంలో శిక్షణ ఇస్తారు. శిక్షణ ఇచ్చేచోట, నేర్చుకుని వెళ్ళి ఈ పని నిలబెట్టుకున్నవారు ఎవరో సాధారణంగా తెలిసి ఉంటుంది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన నాకు తేనె అమ్మలేదు. నేను ఆయనను నమ్మడానికి అదే అసలు కారణం. మార్చి నెలాఖరు, ఎండ ఇంకా ముదరలేదు. పొగడబ్బాతో రెండు దమ్ములు పొగ వేసి, పెట్టె పై అర మూత తీసి, అందులోంచి ఒక చట్రం ఎత్తి చూపించారు. పై సగంలో గదులకు తెల్లటి మైనం మూతలు పడి ఉన్నాయి, కింది సగం గదుల్లో తేనె తెరిచి ఉండి మెరుస్తోంది. "ఇంకా పండలేదమ్మా, ఈగలు మూత వేయలేదు. ఇప్పుడు తీస్తే మీకు నీళ్ళు అమ్మినట్టే. పది రోజులు ఆగి రండి" అన్నారు. పువ్వుల నుంచి తెచ్చిన మకరందాన్ని ఈగలు గదుల్లో పోసి, రెక్కలతో గాలి విసిరి, తేమ తగినంత తగ్గాకే మైనంతో మూసివేస్తాయి. మూత పడని తేనె తీస్తే బరువు ఎక్కువ వస్తుంది, కొన్ని వారాలకు పులుస్తుంది. మన ఆహార భద్రత ప్రమాణాల ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. ఆయన ఆ అంకెను చెప్పలేదు. చట్రాన్ని కాస్త ఏటవాలుగా వంచి ఒక్కసారి విదిలించి, తెరిచి ఉన్న గదుల నుంచి చుక్కలు రాలడం చూపించారు, అంతే. చేతికి వచ్చిన బేరాన్ని పది రోజులు వెనక్కి పంపిన అమ్మకందారును నేను ఏ వ్యాపారంలోనూ పెద్దగా చూడలేదు.

ఆయన దగ్గర ఉన్న పెట్టెల్లో ఎక్కువ భాగం ఇటాలియన్ ఈగలవి, ఓ పది మాత్రం మన నాటు ఈగలవి. చెట్టుతొర్రల్లోనూ పుట్టల్లోనూ కాపురం పెట్టే నాటు ఈగల తేనెనే మనవాళ్ళు పుట్టతేనె, తొర్రతేనె అని ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ పెట్టె ఏడాదికి నాలుగైదు కిలోలు ఇస్తే గొప్ప. ఇటాలియన్ ఈగల పెట్టె, పూల వెంట తిప్పగలిగితే, పాతిక ముప్పై కిలోలు ఇస్తుంది. 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఈ విదేశీ ఈగ దక్షిణాదికి అంతగా పాకడానికి దిగుబడి ఒక్కటే కారణం కాదు. 1990వ దశకం మొదట్లో థాయి శాక్‌బ్రూడ్ అనే వైరస్ తెగులు వచ్చి దక్షిణాదిలో నాటు ఈగల పెట్టెలను చాలావరకు తుడిచిపెట్టింది. పిల్ల పురుగులు గదుల్లోనే సంచుల్లా ఉబ్బి చనిపోయే ఆ జబ్బును తన చిన్నతనంలో చూశానని ఆయన చెబుతున్నప్పుడు, పశువుల మందను పోగొట్టుకున్నవారి గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆ పది పెట్టెలనూ ఆయన లాభం కోసం ఉంచుకోలేదు.

పది రోజుల తరువాత తెచ్చుకున్నదే బంగారు రంగు తేనె. వేప, కానుగ, నేరేడు పూసే రోజుల్లో కూడినది కనుక ఇది ఒక్క పువ్వుది కాదు. మొదట పండు వాసన, చివర నాలుక మీద సన్నని చేదు. ఆ చేదు నాకు ఎంతో నచ్చింది. తేనె తీసే డ్రమ్ములో చట్రాలు గిరగిర తిప్పి, పట్టు చెదరకుండా తేనెను వేరు చేసి, గుడ్డతో వడకట్టి, వేడి తగలనివ్వకుండా సీసాల్లో నింపారు. ఖాళీ పట్టు మళ్ళీ ఈగలకే వెళ్ళింది. పిండిన తేనెలోలాగా ఇందులో పిల్ల పురుగుల రసం కలిసే అవకాశం లేదు. పైన సన్నని నురగ, లోపల కాస్త పుప్పొడి మసక ఉంటాయి. అద్దంలా మెరిసే తేనెకు అలవాటు పడినవారికి ఇది మురికిగా తోచవచ్చు. కిలో 500 రూపాయలు తీసుకున్నారు.

పేరుకున్న పసుపు తేనె వలిసెలు అనే నూనెగింజల పంటది. నవంబరులో అరకు లోయ పొలాలు వలిసె పూలతో పసుపు దుప్పటి కప్పుకుంటాయి, ఫొటోల కోసం వెళ్ళినవారందరూ చూసే ఉంటారు. ఆ పూలు వస్తున్నాయని తెలియగానే ఆయన పెట్టెలను లారీకెక్కిస్తారు. చీకటి పడి ఈగలన్నీ గూటికి చేరాకే ద్వారాలు మూయాలి, తెల్లవారేలోగా కొత్త చోట దించాలి, దారిలో లారీ ఆగితే లోపలి వేడికి ఈగలు ఉక్కిరిబిక్కిరై చనిపోతాయి. కొండ దారుల్లో ఆ రాత్రి ప్రయాణం గురించి ఆయన చెప్పినంతసేపూ నేను ధర అడగడం మరిచిపోయాను. ఆ తేనె తీపి మృదువుగా ఉంటుంది, ఘాటు లేదు, రొట్టె మీద వెన్నలా పరుచుకుంటుంది. మా ఇంట్లో ముందుగా ఖాళీ అవుతున్నది అదే.

ఇది పేరుకోవడం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మంచి తేనెను పారబోసేవారు ఎక్కువగా ఇక్కడే పొరబడుతున్నారు. తేనెలో ప్రధానంగా రెండు చక్కెరలుంటాయి, ఫ్రక్టోజు, గ్లూకోజు. గ్లూకోజు పాలు ఎక్కువ ఉన్న తేనె త్వరగా పేరుకుంటుంది, తక్కువ ఉన్నది నెలల తరబడి జారుతూనే ఉంటుంది. వలిసె, ఆవ, పొద్దుతిరుగుడు పూల తేనెలు మొదటి జాతివి. సుమారు 14 డిగ్రీల చల్లదనంలో ఈ పేరుకోవడం అన్నిటికంటే వేగంగా జరుగుతుంది కనుక తేనెను ఫ్రిజ్‌లో పెట్టడం కోరి గడ్డకట్టించుకోవడమే. నా సీసా సన్నని రవ్వగా, పై నుంచి కింది దాకా ఒకే తీరుగా పేరుకుంది. రహదారి పక్కన కొన్నది మాత్రం పైన పలుచటి పాకంగా, అడుగున గరుకు పలుకులుగా విడిపోయింది. ఈ తేడా ఒక్కదానితోనే కల్తీని తేల్చలేము, ఎందుకంటే అసలు తేనె కూడా కొన్నిసార్లు సగమే పేరుకుని పైన జారుగా మిగులుతుంది. అది మళ్ళీ జారుగా కావాలంటే, చేయి పెట్టగలిగినంత గోరువెచ్చని నీళ్ళలో సీసాను అరగంట నిలబెడితే చాలు. పొయ్యి మీద పెడితే వాసన పోతుంది, రంగు ముదురుతుంది, తేనె పాతబడినప్పుడూ వేడెక్కినప్పుడూ పెరిగే హెచ్.ఎం.ఎఫ్. అనే పదార్థం పెరుగుతుంది. దానికి ప్రమాణాల్లో కిలోకు 80 మిల్లీగ్రాముల హద్దు పెట్టారు. తేనెను వేడిచేయరాదని మన వైద్యం ఎప్పుడో చెప్పింది కదా.

చిన్న సీసా ముసురు తేనెది. కుట్టని చిన్న ఈగలు గోడ పగుళ్ళలో, చెట్టు బెరడుల్లో పెట్టే తేనె ఇది. పులుపు, వగరు, తీపి కలగలిసి ఉంటాయి. వంద గ్రాములకు 300 రూపాయలు అడిగారు. మందుగా వాడతారని కొన్నాను కానీ, రుచి కోసం మళ్ళీ కొనాలని లేదు.

తూకం దగ్గర జాగ్రత్త అవసరం. తేనె నీటికంటే చాలా బరువు, లీటరు తేనె సుమారు కిలో నాలుగు వందల గ్రాములు తూగుతుంది, అంటే కిలో తేనెకు సుమారు 715 మిల్లీలీటర్ల సీసా చాలు. మన ఊళ్ళలో సీసా లెక్కన అమ్మేవారు వాడే 750 మిల్లీలీటర్ల సీసా నిండుగా ఉంటే కిలోకు కొద్దిగా పైనే ఉండాలి. లీటరు సీసా నిండా పోసినా తూకంలో కిలో చూపితే అందులో ఉన్నది నీళ్ళే. చిక్కటి పాకం కూడా ఇంతే బరువు తూగుతుంది కనుక, ఈ లెక్క నీళ్ళను పట్టిస్తుంది కానీ పాకాన్ని పట్టించదు.

పాకాన్ని పట్టించేది ఒక ప్రశ్న, దానిని నేను మూడవసారి వెళ్ళినప్పుడు అడిగాను: "వానకాలంలో పూలుండవు కదా, అప్పుడు ఈగలకు ఏం పెడతారు?" ఆయన తడుముకోలేదు. "పంచదార నీళ్ళు పెడతామమ్మా, పెట్టకపోతే చచ్చిపోతాయి. ఆ రోజుల్లో తేనె మాత్రం తీయం. పూత మొదలయ్యాక పాత పట్టు ఈగలకే వదిలి, కొత్త చట్రాలు పెడతాం" అన్నారు. ఈగలు పంచదార నీళ్ళను కూడా తేనెలాగే గదుల్లో నింపుతాయి. దానిని తీసి అమ్మితే ఏ పువ్వూ లేని తేనె అవుతుంది. మా ఈగలకు పంచదార తగలనే తగలదని చెప్పే పెంపకందారు కంటే, పెడతామని ఒప్పుకుని ఎప్పుడు మానేస్తారో చెప్పగలిగినవారిని నేను ఎక్కువగా నమ్ముతాను. ఆగస్టులో తాజాగా తీసిన తేనె అని ఈ ప్రాంతంలో ఎవరైనా అంటే మాత్రం, ఏ పువ్వుదని అడగకుండా కొనవద్దు.

ఈయన సేవలో లోపాలు లేకపోలేదు. సీసాలు పలుచటి ప్లాస్టిక్‌వి, ఒకటి దారిలో కారి సంచంతా జిగురయింది. అట్ట మీద పువ్వు పేరు, నెల చేతిరాతతో ఉంటాయి కానీ, రెండు సీసాల మీద నెల వేయడం మరిచారు. ఆహార భద్రత నమోదు పత్రం ఇంట్లో గోడకు వేలాడుతోంది, ఆ సంఖ్య సీసా మీద లేదు. సీసా మీద కూడా ఉండాలని చెప్పాను, సరేనన్నారు. పెట్టెలతో దూరం వెళ్ళినప్పుడు ఫోను దొరకదు. పొరుగు పొలంలో పూత మీద పురుగుమందు కొట్టినందుకు ఒక నెల తేనే లేదు, ముందు చెప్పినవారికి కూడా డబ్బు వెనక్కి ఇచ్చి పంపారు. వీటిలో సీసాల సంగతి తప్ప మరేదీ నాకు పెద్ద ఫిర్యాదు కాదు. పోయిన ఏడాది రుచే ఈ ఏడాదీ రావాలని కోరుకునేవారు మాత్రం ఇక్కడ నిరాశ పడతారు, పూత మారినప్పుడల్లా తేనె మారుతుంది.

ఇంత ఇష్టంగా రాస్తూ ఒక హెచ్చరిక వదిలివేయలేను. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయడం మన ఇళ్ళలో ఆనవాయితీ. ఏడాది నిండని పసిపిల్లలకు ఎంత స్వచ్ఛమైన తేనె అయినా పెట్టకూడదు. బోట్యులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించే సూక్ష్మజీవి బీజాలు తేనెలో ఉండవచ్చు, పసివారి పేగులకు వాటిని అడ్డుకునే శక్తి ఉండదు. మా మనవరాలి బారసాలలో పెద్దలు నొచ్చుకున్నా నేను ఒప్పుకోలేదు.

వచ్చే వలిసె పూతకు నాలుగు కిలోలు చెప్పి ఉంచాను. అరకు నుంచి పెట్టెలు తిరిగి రాగానే కబురు పెడతామన్నారు. ఈసారి తేనె పోయించుకోవడానికి బిగుతు మూత ఉన్న స్టీలు క్యాను నేనే పట్టుకువెళ్తాను.